మాడ్యులర్ ఫోన్‌కి మారొచ్చా? తెనాలి, బాపట్ల, రేపల్లె షాపుల్లో అడిగి చూశాం

ఫెయిర్‌ఫోన్ 6ని ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు. అయినా దాని గురించి ఇంత రాయడానికి కారణం ఉంది. సంక్రాంతికి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వస్తున్న మా పెద్దమ్మ కొడుకు "తమ్ముడూ, ఒకటి తెచ్చేయనా?" అని మెసేజ్ పెట్టాడు. ఆ కంపెనీ ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. ధర 599 యూరోలు. యూరో వంద రూపాయల లెక్కన చూస్తే దాదాపు 60 వేలు. నా ఇప్పటి ఫోన్‌కి మూడేళ్లు నిండాయి, మధ్యాహ్నానికే చార్జింగ్ అడుగుతోంది. కాబట్టి ఆశ పుట్టిన మాట నిజం.

కానీ మా ఇంట్లో ఫోన్ కొనడమంటే ఒక్కరికి కొనడం కాదు. నేను కొత్తది తీసుకుంటే నా పాతది రేపల్లెలో నాన్నకి వెళ్తుంది, నాన్నది అమ్మకి. మీ ఇంట్లోనూ ఇదే వరస అయి ఉంటుంది. నాన్న రేపల్లె దగ్గర రొయ్యల చెరువు లీజుకి తీసుకుని చేస్తున్నారు. చెరువు గట్టు మీద స్టార్టర్ బాక్స్‌లో ఒక సిమ్ ఉంటుంది. రాత్రి కరెంటు పోగానే నాన్న నెంబర్‌కి కాల్ వస్తుంది. ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున అసలే తక్కువగా ఉంటుంది. ఆ టైమ్‌లో జనరేటర్ వేయించకపోతే నెలల పెట్టుబడి కొన్ని గంటల్లో తేలిపోతుంది. అందుకే ఈసారి బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కన పెట్టి ఒకటే ప్రశ్న పట్టుకున్నా: ఫోన్ ఆగిపోతే ఎన్ని గంటల్లో తిరిగి చేతికొస్తుంది?

ముందు ‘మాడ్యులర్’ అంటే ఏంటో తేల్చుకుందాం

ఈ మాటని ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుకుంది. 2013లో మొదలైన గూగుల్ ప్రాజెక్ట్ ఆరా కల వేరు. కెమెరా, స్పీకర్, బ్యాటరీ అన్నీ బిళ్లల్లా పెట్టుకోవడం, తీసుకోవడం. ప్రతి బిళ్లకీ సొంత డొక్కు, సొంత కనెక్టర్ కావాలి. దాంతో ఫోన్ లావవుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది, ఖర్చూ పెరుగుతుంది. 2016 మే నాటికే ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే మార్చడం కుదరదని గూగుల్ చెప్పేసింది, సెప్టెంబర్‌లో ప్రాజెక్టే ఆపేసింది. అదే ఏడాది ఎల్‌జీ జీ5 కింది భాగం లాగితే ఊడొచ్చే డిజైన్‌తో వచ్చింది, ఇండియాలో 52,990కి అమ్మారు. ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారం నుంచే వెళ్లిపోయింది. మోటో జెడ్ వెనక అయస్కాంతంతో అతుక్కునే మోటో మాడ్స్ నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ ఆ వరస 2019లో జెడ్4తో ఆగింది. ఆ ఫోన్ పోతే ఆ జేబీఎల్ స్పీకర్ మాడ్ కూడా పేపర్ వెయిటే.

ఫెయిర్‌ఫోన్ మాడ్యులర్ వీటిలో ఏదీ కాదు. ఇది రిపేర్ కోసం. 6లో 12 భాగాలు విడివిడిగా స్క్రూలతో ఉంటాయి: బ్యాటరీ, డిస్‌ప్లే, యూఎస్‌బీ పోర్టు, కెమెరాలు వగైరా. ఒక టీ5 స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, ఎవరైనా మార్చుకోవచ్చు. ఐఫిక్సిట్ వాళ్లు 10కి 10 ఇచ్చారు. బ్యాటరీ దాదాపు 40 యూరోలు, డిస్‌ప్లే దాదాపు 90 యూరోలు, రెండూ కంపెనీ ఒరిజినల్స్. చిన్న అసంతృప్తి ఒకటుంది. ఫెయిర్‌ఫోన్ 5లో వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చేయొచ్చు, మన పాత నోకియా బీఎల్-5సీ లాగా. 6లో దానికి స్క్రూడ్రైవర్ కావాలి.

ఒక అపోహ కూడా తీసేయాలి. మాడ్యులర్ కదా, రెండేళ్ల తర్వాత కొత్త ప్రాసెసర్ కొని పెట్టుకోవచ్చు అని మా ఆఫీసులోనే ఒకరు అన్నారు. కుదరదు. స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 3 అంటే చివరిదాకా అదే. 5లో భాగాలు 6లో పట్టవు. 2020లో ఫెయిర్‌ఫోన్ 3 వాళ్లకి మెరుగైన కెమెరా మాడ్యూల్ అమ్మారు, నిజమైన అప్‌గ్రేడ్ అంటే అదొకటి. మిగతాదంతా పాడైనదాన్ని మార్చుకోవడమే.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా నాకు అసలు విలువ కనిపించింది వేరేచోట. 2033 దాకా అప్‌డేట్స్ ఇస్తామంటున్నారు. మాట మీద నిలబడిన చరిత్ర కూడా ఉంది. 2015లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 2కి ప్రాసెసర్ కంపెనీ సపోర్ట్ ఆపేసినా, వీళ్లు సొంతంగా కష్టపడి 2023 దాకా లాక్కొచ్చారు. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయిన ఫోన్‌లో యూపీఐ, బ్యాంక్ యాప్స్ వాడటం ఎంత రిస్కో మీకు చెప్పక్కర్లేదు. నా చేతిలో మూడేళ్లు, నాన్న చేతిలో ఐదేళ్లు అనుకుంటే ఎనిమిదేళ్ల లెక్క మా ఇంటికి అతికినట్టు సరిపోతుంది. ఇక్కడిదాకా అన్నీ బాగానే ఉన్నాయి.

బోసు రోడ్డులో అడిగితే

తెనాలి బోసు రోడ్డులో నేను ఎప్పుడూ వెళ్లే రిపేర్ షాపుంది. చిన్న కౌంటర్, వెనక గోడంతా ప్లాస్టిక్ డబ్బాలు, ప్రతి డబ్బా మీద మార్కర్‌తో ఒక మోడల్ పేరు. ఆ అన్నకి ఫెయిర్‌ఫోన్ విప్పే వీడియో చూపించా. పూర్తిగా చూశాడు, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. "బాగుంది తమ్ముడూ. హీట్ గన్ లేదు, జిగురు లేదు, ఇట్టా చేస్తే మా పని సగం తగ్గుద్ది. కానీ దీని బ్యాటరీ నా డబ్బాలోకి ఎప్పుడొచ్చుద్ది?" అన్నాడు.

నేను అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగేశాడు. ఎక్కువ అమ్ముడైన మోడల్ అయితే పార్టు ఆయన దగ్గరే ఉంటుంది. లేకపోతే పొద్దున విజయవాడకి ఫోన్ చేస్తే సాయంత్రం రైల్లో వచ్చేస్తుంది. అక్కడా లేకపోతే హైదరాబాద్ జగదీష్ మార్కెట్ నుంచి రెండు రోజులు. అంతకుమించి ఆలస్యమైతే కస్టమర్ కొత్త ఫోన్ కొనేస్తాడట.

ఆయన విప్పి పెట్టిన మామూలు ఫోన్లు చూస్తే ఇంకో సంగతి అర్థమైంది. లోపల అవి కూడా దాదాపు మాడ్యులరే. చార్జింగ్ పోర్టు మదర్‌బోర్డు మీద ఉండదు, కింద సీసీ బోర్డు అని చిన్న ముక్క విడిగా ఉంటుంది. బ్యాటరీకి ఒక కనెక్టర్, కెమెరాకి ఒక కనెక్టర్, డిస్‌ప్లే కాంబోకి ఒకటి. బొటనవేలితో నొక్కితే క్లిక్ అని పడతాయి. అడ్డం వచ్చేది జిగురు. ఫోన్ సన్నగా ఉండాలన్నా, నీళ్లు లోపలికి పోకూడదన్నా కంపెనీలకి అది తేలిక దారి. ఆ జిగురు విప్పే చెయ్యి ఉంటే బోసు రోడ్డులో నలభై నిమిషాల పని.

బాపట్లలో నేను బీటెక్ చదివిన రోజుల నుంచీ తెలిసిన షాపులో కథ కొంచెం వేరు. అక్కడ స్టూడెంట్స్ ఎక్కువ, కాబట్టి పగిలిన డిస్‌ప్లేలు ఎక్కువ. సోమవారం పొద్దున అయితే సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చిన ఫోన్లు. ఉప్పునీళ్లు, ఇసుక పోర్టులో దూరి చార్జింగ్ ఎక్కవు. సీసీ బోర్డు మార్చేస్తే చాలామందివి బతుకుతాయి. కానీ కాపీ కాంబోల సంగతి ఇక్కడే తెలుస్తుంది. అమోలెడ్ తీసి చవక ఎల్‌సీడీ కాంబో వేస్తే డిస్‌ప్లే కింద ఉండే ఫింగర్‌ప్రింట్ సెన్సర్ పనిచేయదు, ఎండలో స్క్రీన్ కనిపించదు. ఒకసారి విప్పిన ఫోన్‌కి నీళ్ల నుంచి రక్షణ కూడా ముందులా ఉండదు. ఒరిజినల్ పార్టు, ముందే తెలిసిన ధర అనే విషయంలో ఫెయిర్‌ఫోన్ మన వీధి రిపేర్ కంటే చాలా మెరుగు. ఇది ఒప్పుకోవాలి.

రేపల్లెలో రైలు పట్టాలే ఆగిపోతాయి, ఆపైన కృష్ణా, సముద్రం. పార్టులు కూడా అలాగే, చివరగా ఇక్కడికి చేరతాయి. బస్టాండ్ దగ్గరి షాపతను ఓ పది, పదిహేను మోడళ్ల బ్యాటరీలు పెట్టుకుంటాడు, మిగతావి తెనాలి నుంచి. నాన్న ఫోన్ ఆగితే అరగంటలో ఆయన చేతికి ఏదో ఒక ఫోన్ రావాలి, ఆ సిమ్ అందులో పడాలి. ఫెయిర్‌ఫోన్ బ్యాటరీ మార్చడం ఐదు నిమిషాల పనే కావచ్చు, కానీ ఆ బ్యాటరీ ఇక్కడికి రావాలంటే? లిథియం బ్యాటరీని విడిగా సరుకులా ప్యాసింజర్ విమానంలో పంపడం 2016 నుంచి నిషేధం. ఎవరైనా వచ్చేటప్పుడు హ్యాండ్ బ్యాగేజీలో తేవాలి. అంటే మళ్లీ సంక్రాంతి.

ఇంకోటి. జియోలో 2జీ, 3జీ లేవు, కాల్స్ అన్నీ వోల్ట్ మీదే నడుస్తాయి. ఆ ఆపరేటర్‌కి తగ్గ సెట్టింగ్స్ ఫోన్ కంపెనీ పెట్టి ఉండాలి. ఇక్కడ అమ్మని ఫోన్‌కి ఆ హామీ ఎవరూ ఇవ్వరు. ఇంటర్నెట్ వస్తూ కాల్ రాని ఫోన్ నాన్నకి ఎందుకు?

ఇక్కడ దొరికేవి

ఇండియాలో మాడ్యులర్ అనగానే చాలామంది అడిగేది సీఎంఎఫ్ ఫోన్ 2 ప్రో. 18,999 నుంచి మొదలైంది, డైమెన్సిటీ 7300 ప్రో, 5000 ఎంఏహెచ్, విడిగా టెలిఫోటో కెమెరా. మూడేళ్లు ఆండ్రాయిడ్ అప్‌డేట్స్, ఆరేళ్లు సెక్యూరిటీ. ఆ ధరకి మంచి ఫోన్. కానీ స్క్రూలు చూసి మోసపోకండి. వాటితో స్టాండ్, లెన్స్, వాలెట్, తాడు తగిలించుకోవచ్చు అంతే. 2024లో వచ్చిన ఫోన్ 1లో అయినా వెనక మూత మొత్తం మార్చుకునే వీలుండేది. బ్యాటరీ రెండిట్లోనూ జనం మార్చుకునేది కాదు. మాడ్యులర్ అన్న మాట కొట్టేసి, మామూలు ఫోన్‌గా బాగుంటే కొనండి.

ఎవరూ మాట్లాడనిది శామ్‌సంగ్ గెలాక్సీ ఎక్స్‌కవర్ 7. 2024 ఫిబ్రవరిలో ఇండియాకి వచ్చింది, ధర 27 వేల పైచిలుకు. వెనక మూత తీస్తే 4050 ఎంఏహెచ్ బ్యాటరీ చేతికొస్తుంది, అయినా ఐపీ68. మూత చుట్టూ రబ్బరు గాస్కెట్‌తో నీళ్లు ఆపారు. బ్యాటరీ ఊడొస్తే నీళ్లకి తట్టుకోదనే వాదనకి ఇదే జవాబు. ప్రాసెసర్ డైమెన్సిటీ 6100 ప్లస్, ఈ ధరకి నిజంగా నెమ్మది. నేను కొనను. చెరువు గట్టు మీద, తడి చేతులతో, జేబులో రెండో బ్యాటరీతో తిరిగే మనిషికి అయితే ఆలోచించాల్సిందే.

మరి ఏం చేశా

అన్నయ్యకి వద్దని చెప్పేశా. ఫోన్ నచ్చక కాదు. 60 వేలని ఎనిమిదేళ్లకి పంచితే ఏడాదికి 7,500, అది కూడా ఎనిమిదేళ్లూ పార్టులు అందితేనే. సీఎంఎఫ్‌ని ఆరేళ్లకి పంచితే 3,200 కూడా కాదు. నా ఫోన్‌కి ఇంకో ఏడాది పైన సెక్యూరిటీ ప్యాచ్‌లు ఉన్నాయి కాబట్టి బ్యాటరీ మార్పించా. సర్వీస్ సెంటర్ వాళ్లు 2,100, నాలుగు రోజులు అన్నారు. బోసు రోడ్డులో 1,100, నలభై నిమిషాలు. నాలుగు రోజులు ఆగి ఒరిజినలే వేయించా, ఎందుకంటే రేపు అది వెళ్లేది నాన్న దగ్గరికి. నాన్నకి మాత్రం ఒక కీప్యాడ్ ఫోన్ కొని, రెండో సిమ్ వేసి, స్టార్టర్ బాక్స్‌లో ఆ నెంబర్ కూడా పెట్టా. సిగ్గేం లేదు, ఆ ఇంట్లో అన్నిటికంటే నమ్మకమైన మాడ్యూల్ అదే.

మీరు యూరప్‌లో ఉంటే నా జవాబు పూర్తిగా వేరు. అక్కడ 2025 జూన్ 20 నుంచి అమలైన రూల్ ప్రకారం, అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన పార్టులు ఇవ్వాలి, అడిగిన 5 నుంచి 10 పని దినాల్లో పంపాలి. ఫెయిర్‌ఫోన్ 5 ఇప్పటికే వాడుతుంటే మాత్రం 6కి మారకండి, బ్యాటరీ మార్చుకుని 2031 దాకా వాడండి.

మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. ఫోన్లకి రిపేరబిలిటీ ఇండెక్స్ ఎలా ఉండాలో చెప్పే కమిటీ 2025 మేలో రిపోర్ట్ ఇచ్చింది. విప్పడం ఎంత తేలిక, టూల్స్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్‌తో పాటు పార్టులు సరైన టైమ్‌లో దొరకడం కూడా అందులో ఉంది. ఆ నెంబర్ బాక్స్ మీద ముద్రించి వచ్చిన మొదటి ఫోన్ తీసుకుని నేను వెళ్లేది రేపల్లె బస్టాండ్ దగ్గరికే. బ్యాటరీ ఎంత, ఎన్ని రోజులు అని అడగడానికి.