చలి కాదు, మంచు చంపుతుంది

లద్దాఖ్ అనగానే బైకు యాత్రలు, పాంగాంగ్ సరస్సు ఫొటోలు గుర్తొస్తాయి. ఆ సరస్సు చుట్టూ మేకలు మేపే చాంగ్‌పాల గురించి, సింధు లోయలో బార్లీ పండించే రైతుల గురించి మాత్రం మనకు చేరేవి ఎక్కువగా పుక్కిటి కబుర్లే.

అపోహ: సంచారులు గడ్డి కనిపించిన చోటికల్లా పోతారు.

గడ్డి కనిపిస్తున్నా పోకపోవడంలోనే వాళ్ళ పనితనమంతా ఉంది. ఏ కుటుంబం ఎక్కడ, ఎప్పుడు గుడారం వేయాలో ఊరిపెద్ద ‘గోబా’ ఆధ్వర్యంలో ముందే తేల్చుకుంటారు. చలికాలానికి విడిచిన బీడులోకి వేసవిలో మందను తోలరు. ఆ గడ్డి నిలువునా ఎండి అలాగే ఉండాలి.

అపోహ: చలికాలం వస్తే వెచ్చటి లోయల్లోకి దిగిపోతారు.

దిగరు. నాలుగు వేల మీటర్లకు పైనున్న చాంగ్‌తాంగ్ పీఠభూమి మీదే చలికాలమంతా గడుపుతారు. హిమాలయాలు వానమబ్బులను అడ్డుకోవడంతో అదొక ఎత్తైన ఎడారి. చలి మైనస్ 30 డిగ్రీలకు దిగినా మంచు పడేది తక్కువ, పడినా గాలి ఊడ్చేస్తుంది. అందుకే ఎండుగడ్డి మందకు అందుతుంది. ఏ ఏడైనా మంచు దట్టంగా పడి గడ్డిని కప్పేసిందా, మేకలు ఆకలితో చస్తాయి. చలి వాళ్ళకు శత్రువేమీ కాదు, జీవనాధారం కూడా. ఆ చలికే మేక ఒంటిమీద పష్మీనా అనే సన్నటి ఉన్ని పెరుగుతుంది. దాని పోగు మందం 12 నుంచి 15 మైక్రాన్లు. వేసవి మొదట్లో అది రాలే వేళకు దువ్వెనతో దువ్వి తీస్తారు. జంతువును చంపి తీసే ఉన్ని షాతూష్, అదీ చిరు అనే జింక నుంచి.

అపోహ: వాళ్ళ శరీరమే వేరు.

సగం నిజం. టిబెట్ పీఠభూమి జనంలో ఈపీఏఎస్1 జన్యువు ప్రత్యేక రూపం వల్ల, గాలిలో ఆక్సిజన్ తక్కువైనా రక్తం మరీ చిక్కబడదని 2010 నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. కానీ జన్యువు కడుపు నింపదు. చాంగ్‌పాలు సో కార్ సరస్సు ఉప్పునూ ఉన్నినీ ఇచ్చి రైతుల బార్లీ తెచ్చుకునేవారు.

అపోహ: మంచుకొండల కింది రైతుకు నీటి కరువేమిటి?

లేహ్‌లో ఏడాది వర్షపాతం 100 మిల్లీమీటర్ల లెక్కలోనే ఉంటుంది. పైనున్న హిమానీనదం కరిగేది జూన్‌లో, విత్తనానికి నీళ్ళు కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. ఈ ఎడం దాటడానికి పొలంలోని మంచు త్వరగా కరగాలని దానిమీద మట్టి చల్లుతారు. కాలువ వంతులు చూడటానికి ‘చుర్‌పోన్’ ఉంటాడు. ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ శీతాకాలపు నీటిని ఊరికి దగ్గరగా, నీడపట్టున గడ్డకట్టించాడు. ఎత్తు తక్కువ కాబట్టి అది ముందే కరుగుతుంది. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అపోహ: సరిహద్దులో సైన్యం తప్ప ఎవరుంటారు?

2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సేనతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అమరుడయ్యాకే చాలామంది తెలుగువాళ్ళు ఈ ప్రాంతపు పటం చూశారు. ఆ పటంలో కనిపించనివి మేతభూములు. 1962 యుద్ధం తర్వాత తూర్పువైపు చలికాలపు బీడులు కొన్ని అందకుండా పోయాయి. టిబెట్ నుంచి వచ్చిన శరణార్థుల మందలు మిగిలిన గడ్డిలో వాటాకొచ్చాయి. 2020 తర్వాత ఇరుసేనలూ వెనక్కి తగ్గి ఖాళీగా వదిలిన నేలలో తమ చలికాలపు బీడులూ ఉన్నాయని సరిహద్దు ఊరు చుషూల్ కాపరులు అంటున్నారు. మంద అక్కడికి పోలేకపోతే వేసవి బీడులనే చలికాలంలోనూ మేపాలి. ఇక వచ్చే ఏటికి దాచుకునే గడ్డి ఉండదు.