మూలుగలోని మార్పు, మనసులోని భయం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి హైదరాబాదు వెళ్ళి ఎముక మూలుగ పరీక్ష చేయించుకునే కుటుంబాలను ఒక మాట కలవరపెడుతుంది: 'జన్యు మార్పు'. ఇంటి పెద్దకు అది ఉందని తెలిస్తే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయేమోనన్న భయం నివేదికను దాచేలా చేస్తుంది. ఆ భయానికి చాలావరకు ఆధారం లేదు.

ఎక్కువగా వృద్ధాప్యంలో కనిపించే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే మూలుగ వ్యాధిలో ఈ మార్పులు చాలావరకు పుట్టుకతో వచ్చినవి కావు. జీవితకాలంలో మూలుగ కణాల్లోనే ఏర్పడినవి. అటువంటివి సంతానానికి సంక్రమించవు. అయితే చిన్న వయసులోనే వ్యాధి వచ్చినా, రక్తసంబంధీకుల్లో మరొకరికి ఉన్నా, వంశపారంపర్యత గురించి వైద్యుణ్ణి అడగాలి. అప్పుడు కూడా అది ఎవరి దోషమూ కాదు.

మార్పులన్నీ ఒకే తీరువి కావు. ఎస్‌ఎఫ్‌3బీ1 జన్యువులో మార్పు ఉంటే వ్యాధి సాధారణంగా నెమ్మదిగా సాగుతుంది. టీపీ53 జన్యువు ప్రతులు రెండూ దెబ్బతింటే తీవ్రమవుతుంది. 2022లో వెలువడిన ఐపీఎస్‌ఎస్‌-ఎం అంచనా పద్ధతి 31 జన్యువులను పరిగణిస్తుంది. మందులు చాలునా, మూలుగ మార్పిడి కావాలా అని నిర్ణయించడానికి అది తోడ్పడుతుంది. మార్పిడికి తోబుట్టువు ఒక్కొక్కరు పూర్తిగా సరిపోలే అవకాశం 25 శాతం. నివేదిక దాస్తే ఆ ద్వారమూ మూసుకుపోతుంది.

వైద్యుని అంచనా మానవ గణన మాత్రమే. ఆయుష్షు అల్లాహ్ నిర్ణయం. చికిత్స చేయించుకోవడం దైవప్రవక్త (స) బోధించిన మార్గం. కనుక నివేదికను వైద్యుని ముందు, తోబుట్టువుల ముందు ఉంచండి.