ఎండను దాచుకునే మట్టి గది

పొయ్యి లేకుండానే లడఖ్‌ చలిని తట్టుకునే చిన్న ఇల్లు

సూర్యాపేట వాసులకు గల్వాన్‌ లోయ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. 2020 జూన్‌ 15 రాత్రి అక్కడ చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఈ పట్టణ బిడ్డ కర్నల్‌ సంతోష్‌బాబు అమరుడయ్యారు. ఆ ఏడాది చలికాలమంతా వేలాది మంది జవాన్లు లడఖ్‌ సరిహద్దులోనే మోహరించి ఉండాల్సి వచ్చింది. శత్రువుకు ఎదురు నిలవడం ఒక ఎత్తయితే, సున్నాకు 20, 30 డిగ్రీలు దిగువన రాత్రి గడపడం మరో ఎత్తు. గుడారంలో వెచ్చదనానికి కిరోసిన్‌ బుఖారీయే దిక్కు. ఆ కిరోసిన్‌ను అంత ఎత్తుకు మోయడమే ఒక యజ్ఞం. అన్ని వైపులా బిగించిన గుడారంలో బుఖారీ సరిగా మండకపోతే వెలువడే కార్బన్‌ మోనాక్సైడ్‌ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈ నేపథ్యంలోనే 2021 ఫిబ్రవరిలో లడఖ్‌ ఇంజినీరు సోనమ్‌ వాంగ్‌చుక్‌ సైనికుల కోసం ఒక సౌర గుడారాన్ని రూపొందించారు. పది మంది పడుకోవచ్చు. ఏ భాగమూ 30 కిలోలు మించదు కనుక విడదీసి భుజాన మోసుకుపోవచ్చు. రాత్రి 10 గంటలకు బయట మైనస్‌ 14 డిగ్రీలుంటే లోపల 15 డిగ్రీలు నమోదైనట్లు ఆయన వెల్లడించారు. లోపల పొయ్యి లేదు, హీటరు లేదు.

చలి ఎంతో ఎండా అంతే!

ఇందులో మాయ ఏమీ లేదు. లేహ్‌ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది మొత్తానికి పడే వాన పది సెంటీమీటర్ల అటూ ఇటూ. మబ్బులు తక్కువ, గాలి పలుచన. అందువల్ల చలికాలంలోనూ పగటి ఎండ చురుక్కుమంటుంది. సమస్యల్లా ఆ ఎండను సాయంత్రం దాకా, ఆపై తెల్లవారే దాకా నిలబెట్టుకోవడమే.

అందుకు తొలి మెట్టు దిక్కు. అక్కడ చలికాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా సాగిపోతాడు. లేహ్‌ 34 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి 32 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. జూన్‌లో అదే 79 డిగ్రీలు. అయిదడుగుల ఎత్తున్న దక్షిణపు అద్దం పైన అడుగు చూరు దించితే జూన్‌ మధ్యాహ్నం అద్దమంతా నీడలో ఉంటుంది. డిసెంబరులో పైన ఎనిమిది అంగుళాల మేర మాత్రమే నీడ పడి, మిగతాదంతా ఎండను లోపలికి రానిస్తుంది. ఖర్చు లేని ఈ లెక్కను విస్మరించి రోడ్డుకు ఎదురుగా కిటికీలు పెట్టుకునే వారే ఎక్కువ!

ఇచ్చిన చేత్తోనే...

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గదిని తీసుకుందాం. దక్షిణాన నాలుగు చదరపు మీటర్ల అద్దం బిగిస్తే, మబ్బులేని చలికాలపు రోజున సుమారు 15 యూనిట్ల వేడి లోపలికి చేరుతుంది. లీటరున్నర కిరోసిన్‌ కాల్చినంత అన్నమాట. అయితే లోపలికీ బయటికీ 30 డిగ్రీల తేడా ఉంటే, ఒంటి పలక అద్దం 16 గంటల్లో దాదాపు 11 యూనిట్లు బయటికి వదిలేస్తుంది. పగలు ఇచ్చిన చేత్తోనే రాత్రి లాక్కుంటుంది. రెండు పలకల అద్దం వాడితే ఈ నష్టం సగానికి తగ్గుతుంది. పొద్దు వాలగానే మందపాటి తెర గానీ చెక్క తలుపు గానీ మూయగలిగితే ఇంకా తగ్గుతుంది. అద్దం ఎంత పెద్దదైతే అంత మేలన్న అపోహతో కట్టిన గదులు మధ్యాహ్నం ఉక్కబోసి, తెల్లవారుజామున గడ్డకట్టేది ఇందుకే.

రెండో అపోహ మట్టి గోడ చలిని ఆపుతుందన్నది. నిజానికి మట్టి వేడిని ఆపడం కన్నా దాచుకోవడంలో మేటి. అడుగు మందం గోడను దాటడానికి వేడికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. అద్దం వెనుక నల్లరంగు పూసిన మట్టి గోడ లేపితే, మధ్యాహ్నం తాకిన ఎండ రాత్రి పడుకునే వేళకు లోపలి ముఖాన వెచ్చగా తేలుతుంది. ఫ్రాన్స్‌ శాస్త్రవేత్త ఫెలిక్స్‌ ట్రాంబ్‌ 1960లలో ప్రచారంలోకి తెచ్చినందున దీన్ని ట్రాంబ్‌ గోడ అంటారు. వాంగ్‌చుక్‌ గుడారంలోనూ ముందు అద్దాల గది, వెనుక పడక గది, నడుమ వేడిని దాచుకునే గోడ ఉన్నాయి.

ఎండ తగలని ఉత్తర, తూర్పు, పడమర గోడల పని వేరు. అవి రెండు పొరలుగా ఉండి, నడుమ గడ్డి, రంపపు పొట్టు వంటివి దట్టిస్తేనే చలి ఆగుతుంది. అదే మందంలో సిమెంటు గోడ కడితే అటు ఖర్చు, ఇటు వణుకు. పైగా సిమెంటు కొండదారుల మీదుగా లారీల్లో రావాలి. మట్టి, రాయి, పాప్లర్‌ దూలాలు, విల్లో కర్రలు అక్కడే దొరుకుతాయి. పై కప్పు ఏడడుగులు మించకుండా, గది చతురస్రానికి దగ్గరగా ఉంటే వేడిని పోగొట్టే ఉపరితలం తగ్గుతుంది. చలికాలంలో ఇంటిల్లిపాదీ ఒకే గదిలోకి చేరే లడఖీల అలవాటు వెనుక ఉన్న సూత్రమూ ఇదే.

గాలి, నీరు మరువరాదు

ఎంత బిగించినా గాలి మారేందుకు చిన్న కన్నాలు ఉండి తీరాలి. లేకుంటే ఊపిరి తేమ గోడలపై చెమ్మగా చేరి బూజు పడుతుంది. గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగిలిపోతుంది కనుక, నీటి అవసరం లేని మరుగుదొడ్లే అక్కడి సంప్రదాయం. మట్టి, బూడిద చల్లి వదిలేస్తే కొంతకాలానికి పొలానికి ఎరువవుతుంది.

ప్రమాదం చలి నుంచే కాదు. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్‌పై కుంభవృష్టి కురిసి, వరద, బురద ముంచెత్తి రెండు వందల మందికి పైగా మరణించారు. వాగుల దారిలో ఇళ్లు కట్టరాదని, మట్టి గోడ కింద రాతి పునాది నేలకు రెండడుగులైనా పైకి లేవాలని ఆ రాత్రి తేల్చి చెప్పింది. భూకంపాల ముప్పు కూడా ఉన్నందున గోడల్లో చుట్టూ కట్టుగా చెక్క పట్టీలు వేయడం అవసరం.

లంబసింగికి పనికొస్తుందా?

రాష్ట్రం మారినా తెలుగువారికి చలి అనగానే అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి గుర్తుకొస్తాయి. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపునకు దిగిన సందర్భాలు ఉన్నాయి. పర్యాటకుల కోసం అక్కడ గదులు కట్టాలనుకునే వారు లడఖ్‌ నమూనాను ఉన్నదున్నట్లు దించుకుంటే మాత్రం చిక్కే. ఆ కొండల్లో చలి కొన్ని నెలలదే, వాన మాత్రం లడఖ్‌కు ఎన్నో రెట్లు. పెద్ద అద్దాల గది ఏప్రిల్‌లో కొలిమవుతుంది. వెడల్పు చూరు లేని మట్టి గోడ ఒక్క వర్షాకాలానికే కరిగిపోతుంది. మందపాటి మట్టి గోడ, రాతి అరుగు, నడుము వంచి దూరాల్సినంత కిందికి దిగిన కప్పుతో మన్యంలో గిరిజనులు కట్టుకున్న పాత ఇళ్లు ఆ వానను, ఆ చలిని చూసి పుట్టినవే.