వాన ఒక్కటే, కుండలే వేరు: గుట్ట మీది చెట్లకు నీటి లెక్క

ఈ వీడియోలో మీరు చూస్తున్నది సిద్దిపేట జిల్లాలోని మా ఎర్ర చెలక. వెనకాల ఉన్నది గుట్ట. ఒకే రోజు పెట్టిన టేకు మొక్కలు కింది వరుసలో ఇంటి కప్పు దాటినయి. పై వరుసలోవి నడుం ఎత్తు కూడా రాలేదు. రెండుసార్లు ఎండిపోతే రెండుసార్లూ మళ్లీ పెట్టిన. పైసలు పోయినయి, మొక్కలూ పోయినయి.

మా జిల్లాలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ ఉంది, రంగనాయకసాగర్ ఉంది. కానీ కాలువ నీళ్లు గుట్ట ఎక్కవు కదా! అక్కడ చెట్టుకు వానే దిక్కు.

పక్క చేనులో కొట్టిన టేకు మొద్దు చూసిన. టేకుకు ఏడాదికొక వలయం పడుతుంది. బెరడు నుంచి లోపలికి లెక్కపెడితే 2014, 2015 కరువు ఏండ్ల వలయాలు దారమంత సన్నం.

శాస్త్రవేత్తలు దీన్నే లెక్క కట్టిన్రు. 2011లో వచ్చిన వీఎస్-లైట్ అనే నమూనా ప్రతి నెలా చెట్టుకు రెండు మార్కులు వేస్తుంది: ఒకటి వేడికి, ఒకటి నేల తేమకు. ఏది తక్కువైతే ఆ నెల పెరుగుదల అంతే. పగటి నిడివిని కూడా కలుపుతారు. హిమాలయాల్లో బాగా ఎత్తున చలి ఆపుతుంది. మన గుట్టల మీద వేడికి కొదవ లేదు, ఆపేది తేమనే. ఆ నమూనాలో నేల అంటే ఒక ఓటి కుండ. వాన నింపుతుంది, ఎండా చెట్టూ తాగుతయి, కొంత కిందికి కారుతుంది, నిండితే పొర్లిపోతుంది.

గడ్డపారతో తవ్వి చూస్తే నాకు సంగతి తెలిసింది. కింద మూడడుగుల మట్టి. పైన జానెడే, ఆ కింద మొరం. వాన ఒక్కటే, కుండలే వేరు. మనకు ఏడాది వానలో దాదాపు 80 శాతం జూన్–సెప్టెంబర్ మధ్యనే పడుతుంది. చిన్న కుండ దసరా దాటంగనే ఖాళీ.

ఎకరం మీద 50 మిల్లీమీటర్లు పడితే 2 లక్షల లీటర్ల పైమాటే. అందుకే వాలుకు అడ్డంగా కందకాలు తీసిన. 10 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉన్న ఒక్క కందకం నిండితే 5 వేల లీటర్లు. రాలిన ఆకు కాల్చకుండా మొదళ్ల చుట్టూ ఆచ్ఛాదనగా వేస్తున్న. పై వరుసలో ఇక టేకు పెట్టను. గుట్ట తనంతట తాను పెంచుకునే సీతాఫలం, మోదుగ, తునికి ఉండనిస్త.

మీరూ మొక్క కొనేముందు ఒక పని చేయండి. వాన వెలిసిన పది రోజులకు పైన ఒక చోట, కింద ఒక చోట తవ్వి, మట్టి పిడికిట్ల పట్టి చూడండి. ఏ చెట్టు పెట్టాలో ఆ మట్టే చెప్తది.