గోదారి గట్టు మీద పాత గొంతు

2024 డిసెంబరులో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక ఇంటికి, చింతలపూడి వెళ్లాను. రాత్రి అన్నం తింటూ ఫోన్‌లో "గోదారి గట్టు" పాట పెట్టాను. అప్పటికే ఎక్కడ చూసినా అదే మోత. నాన్న ముద్ద కలపడం ఆపేసి, "ఒరేయ్, ఇది 'తమ్ముడు' సినిమాలో పాడినాయన గొంతు కదరా?" అన్నారు. పేరు గుర్తురాలేదు గానీ గొంతు గుర్తుంది. ఆయనే రమణ గోగుల.

అన్నేళ్ల తర్వాత కూడా నాన్న ఎలా పట్టేశారు? దీనికి జవాబు మన ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. ఇద్దరు ఒకే స్వరం పాడితే ఫ్రీక్వెన్సీ ఒకటే, కానీ దాంతోపాటు పుట్టే హార్మోనిక్స్ ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటాయి. గొంతుకి గుర్తింపు ఇచ్చేది అవే. ట్యూన్ ఎవరైనా కడతారు, ఆ గరుకు మాత్రం ఆ మనిషిదే.

మనలో చాలామంది పుట్టకముందు సంగతి. సినిమా పాట తప్ప వేరే పాట పెద్దగా లేని రోజుల్లో, 1996లో, రమణ గోగుల "ఆయ్ లైలా" అనే తెలుగు పాప్ ఆల్బమ్ చేశారు. 1998లో వెంకటేష్ "ప్రేమంటే ఇదేరా"తో సినిమాల్లోకి వచ్చారు. 1999లో "తమ్ముడు", 2000లో "బద్రి". గిటార్లు, డ్రమ్స్, కాస్త నిర్లక్ష్యంగా సాగే ఆ గొంతు అప్పటి కుర్రాళ్లకి తెలుగులో రాక్ రుచి చూపించాయి. "ట్రావెలింగ్ సోల్జర్" అయితే సినిమాలో వచ్చిన అచ్చమైన రాక్ పాటే. 2006లో వెంకటేష్ "లక్ష్మి"కీ ఆయనే సంగీతం. తర్వాత మెల్లగా సినిమాలు తగ్గాయి, టెక్నాలజీ ఉద్యోగం ముందుకొచ్చింది.

అలాంటాయన్ని "సంక్రాంతికి వస్తున్నాం" కోసం సంగీత దర్శకుడు భీమ్స్ సిసిరోలియో, దర్శకుడు అనిల్ రావిపూడి మళ్లీ పాడించారు. "లక్ష్మి" తర్వాత 18 ఏళ్లకి మళ్లీ అదే వెంకటేష్‌కి. అది హిట్ అవ్వడానికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, పాత రాక్ పాటని మళ్లీ కట్టలేదు. భాస్కరభట్ల రాసింది అచ్చం పల్లె వాసన ఉన్న పాట. ట్యూన్ కొత్తది, గొంతు పాతది. రెండు, జోడీ. పక్కన పాడిన మధుప్రియ జానపదంలో పెరిగిన గాయని, "ఫిదా"లో "వచ్చిందే" పాడింది ఆవిడే. ఆ గొంతు నిటారుగా, ఖంగుమని వస్తుంది. ఈయనది గరుకుగా, తాపీగా వస్తుంది. ఒకదాని పక్కన ఇంకొకటి ఉండబట్టే రెండూ బాగా తెలుస్తాయి. మూడు, సందర్భం. ఇది కుర్ర ప్రేమికుల పాట కాదు, పిల్లలున్న మొగుడూ పెళ్లాల పాట. కాబట్టి గొంతులో వయసు తెలిసినా లోపం కాలేదు, పాత్రకి అతికినట్టు సరిపోయింది.

ఇది మన దగ్గరే కాదు. 1969లో వుడ్‌స్టాక్ వేదిక మీద వాయించిన సంతానా బ్యాండ్ తొలినాళ్ల హిట్ల తర్వాత చాలాకాలం అంత పెద్ద హిట్ చూడలేదు. 1999లో "స్మూత్" వచ్చి అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 12 వారాలు మొదటి స్థానంలో నిలబడింది. పాడింది వయసులో చాలా చిన్నవాడైన రాబ్ థామస్. కార్లోస్ సంతానా గిటార్ మాత్రం ఎప్పటిలాగే మోగింది. అక్కడా అంతే, చుట్టూ ఉన్నవి మారాయి, ఆ ధ్వని మారలేదు.

మా చింతలపూడి మెట్ట ప్రాంతం. గోదారి గట్టు చూడాలంటే బస్సెక్కాల్సిందే. అయినా ఆ సంక్రాంతికి మా వీధిలో ప్రతి స్పీకర్‌లోనూ ఆ గట్టే. నాన్న, నేను ఒకే పాటని ఇష్టంగా వినడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఇదంతా రాయడానికి ఇంకో కారణం ఉంది. హాస్టల్లో నా రూమ్మేట్ ప్లేస్‌మెంట్ల ప్రిపరేషన్ మొదలుపెట్టాక గిటార్ అటక మీద పెట్టేశాడు. "ఇంక అయిపోయిందిరా" అంటాడు. ఉద్యోగం వద్దని నేను చెప్పను, రమణ గోగుల కూడా ఉద్యోగం చేశారు. ఒరేయ్, తీగలు తుప్పు పడితే మార్చుకోవచ్చు. అమ్మేయకు, అంతే.