మీరెవరను ప్రశ్నయు, మిత్రగోష్ఠియు

"మీరెవరు?" అను ప్రశ్న నేడు మనకు దినమునకు పలుమారులు ఎదురగుచున్నది. బ్యాంకు గుమ్మమున నిలిచినను, రైలెక్కినను, ఆసుపత్రిలో చీటి వ్రాయించుకొన్నను ముందుగా వినవచ్చునది ఈ ప్రశ్నయే. బదులుగా మనము సంచి వెదకి యొక కార్డును చూపుచున్నాము. 2010 నుండి ప్రజలకొసగబడుచున్న పండ్రెండంకెల ఆధార్ సంఖ్య దానిపై నుండును. అంకెలు సరిపోయినచో అడిగినవాడు తృప్తుడగును. మనము లోపలికి పోవుదుము. అడిగినవాని పని తీఱినది. మన పని తీఱలేదు.

మన తాతలనాటి తీరు వేఱు. ఊరికి క్రొత్తవాడు వచ్చినచో అరుగుపై కూర్చున్న పెద్ద, "ఏ ఊరు నాయనా? ఎవరి తాలూకు?" అని యడుగువాడు. ఆ పలుకులో ఆప్యాయత యుండెడిది. దాని వెంట మంచినీళ్లచెంబును వచ్చెడిది. కాని ఆ ప్రశ్న యడుగున మఱియొక ప్రశ్న దాగియుండెడిది: ఇతనిని అరుగుపై కూర్చుండనీయవచ్చునా, వీథిలోనే నిలుపవలెనా యని. నేటి ప్రశ్నకు దయ లేదు. నాటి ప్రశ్నకు సమదృష్టి లేదు. మనుష్యుడు తనకు తాను ఎవడన్న విచారము ఈ రెండింటికిని పట్టదు.

ఆ విచారము మహర్షులకును, విరాగులకును తగినదని పలువురు తలచుచున్నారు. ఉద్యోగము పోయినవాడు, కూతురిని దూరదేశమునకు పంపి శూన్యగృహమున కూర్చున్న తల్లి, ఊరు విడిచి నగరమున భాష మఱచిన యువకుడు, వీరందఱును ఏదో యొక రాత్రి ఈ ప్రశ్నకు చిక్కినవారే. ఇది నిత్యజీవనమునకు సంబంధించిన ప్రశ్న. ఒంటరిగా మోసినచో ఇది భారమగును. మిత్రుల నడుమ దింపినచో విచారమగును. ఈ భేదమును గుఱించియే మేము నేడు ముచ్చటింప దలచితిమి.

మన ప్రాచీనులు ఆత్మవిచారమును ఏకాంతమునకే విడిచిపెట్టలేదు. ప్రశ్నోపనిషత్తు పేరునందే ప్రశ్న యున్నది. ఆఱుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షి కడకేగిరి. ఆయన వెంటనే ఉపన్యాసమునకు దిగలేదు. ఒక సంవత్సరము తమతో కలిసి నివసింపుమనియు, అటుపిమ్మట అడుగుమనియు, తమకు తెలిసినచో సర్వమును చెప్పుదుమనియు పలికెను. 'తెలిసినచో' అన్న ఆ యొక్క మాటలో గురువుయొక్క వినయమంతయు నున్నది. ఆ యాఱుగురిలో నొకడైన సుకేశుడు తన వృత్తాంతమును దాచలేదు. కోసల రాజకుమారుడైన హిరణ్యనాభుడు మున్ను తన్నొక ప్రశ్న యడిగెననియు, తాను తెలియదని యొప్పుకొనగా నాతడు మాటాడక రథమెక్కి వెడలిపోయెననియు అందఱి యెదుట చెప్పెను. తెలియదని చెప్పగలిగిన చోటనే గోష్ఠి మొదలగునని దీని వలన గ్రహింపదగును.

క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దినాటి యవనరాజు మినాండరు బౌద్ధగ్రంథమగు మిలిందపన్హమున మిలిందుడను పేర ప్రసిద్ధుడు. అతడు భిక్షువగు నాగసేనుని అడిగిన తొలిప్రశ్నలలో నొకటి పేరును గుఱించినదే. నన్ను నాగసేనుడందురు, అది వ్యవహారమునకై పెట్టిన పేరు మాత్రమేయని భిక్షువు పలికెను. రాజు దాని నాక్షేపింపగా, నీవెక్కి వచ్చిన రథమున రథమేదో చూపుమనెను. ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు, నొగ రథము కాదు. ఈ రథోపమానమును పలువురెఱుగుదురు. అదే గ్రంథమున నున్న మఱియొక మాటను తలచువారు తక్కువ. రథమును గుఱించిన మాట ముగిసిన పిమ్మట, సంవాదమును కొనసాగించుటకు ముందు భిక్షువు ఒక నియమము విధించెను: నీవు పండితునివలె మాటాడినచో మాటాడుదును, రాజువలె మాటాడినచో మాటాడను. పండితులు ఖండించుకొందురు, ఒప్పుకొందురు, ఓడినను కోపగింపరు. రాజులు తమ మాటకు ఎదురాడినవానిని దండింతురు. రాజు దీని కంగీకరించెను. తలపైని కిరీటమును ప్రక్కన బెట్టిన పిమ్మటనే సంవాదము ముందునకు సాగినది.

ఈ కొలతతో నేటి మన సంభాషణలను కొలిచి చూడుడు. చేతిలోని ఫోను తెల్లవారుజామునుండి నడిరేయి వరకు పలుకుచునే యున్నది. బంధువుల బృందమొకటి, బడి స్నేహితుల బృందమొకటి, వీథివారి బృందమొకటి. మాటలకు కొదవ లేదు, గోష్ఠికే కొదవ. మనకు నచ్చని మాట వచ్చినచో వ్రేలితో నొక్కి పలికినవానిని వెలివేయుచున్నాము. మనకు నచ్చినదానికి వందమంది చేతులు జోడించుచున్నారు. ప్రతివాడును తన చిన్న రాజ్యమున మిలిందుడే. కిరీటము దింపుమని చెప్పు నాగసేనుడు మాత్రము కానరాడు.

కాలమును మనకు ప్రతికూలముగా నున్నది. హైదరాబాదునందు కంప్యూటరు ఉద్యోగము చేయు వేలాది తెలుగు యువకుల దినచర్యను పరికింపుడు. అమెరికా తూర్పుతీరమున ఉదయము తొమ్మిది గంటలగునప్పటికి మనకు వేసవియందు సాయంకాలము 6.30, శీతకాలమున 7.30 గంటలగును. అచటి యజమాని దినము ప్రారంభించు వేళ ఇచట దీపము పెట్టు వేళ. పూర్వము పొలమునుండి, కచేరీనుండి, అంగడినుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొని అరుగెక్కిన వేళయు నదియే. ఒక తరము సాయంకాలమును అమ్ముకొని జీతము తెచ్చుకొనుచున్నది. వారిని నిందించుటకు మాకు మనసు రాదు. ఆ జీతముతోనే తలిదండ్రుల వైద్యమును, తోబుట్టువుల చదువును సాగుచున్నవి. కాని అమ్మిన వస్తువు విలువ యేమో తెలిసియుండుట మంచిది.

మేమును, మఱికొందఱు మిత్రులును నెలకొకమారు విజయవాడలో నొక మేడపై కలిసికొనుట గలదు. ఒక రిటైరైన ఉపాధ్యాయుడు, ఒక వకీలు, మంగళగిరి నేతపని వారి కుటుంబమున పుట్టి వస్త్రదుకాణము నడుపు నతడు, ఒక నర్సు, హైదరాబాదున పదునెనిమిదేండ్లు ఉద్యోగము చేసి యింటికి వచ్చిన యొక ఇంజనీరు. కొలదికాలము క్రింద నొక సాయంకాలము ఇంజనీరు చాలసేపు మౌనముగా నుండి, "మాస్టారూ, నా ఉద్యోగము పోయినది. డబ్బు సంగతి ఎట్లో చూచుకొందును. ఇన్నాళ్లు ఎవరైన నీవెవరవని యడిగినచో కంపెనీ పేరు చెప్పువాడను. ఇప్పుడు నోరు పెగలుట లేదు" అనెను.

ఎవరును ఓదార్పునకు తొందరపడలేదు. కొంతసేపటికి ఉపాధ్యాయుడు, "నేను బడి విడిచి పదేండ్లైనది నాయనా. వీథిలో నన్ను మాస్టారనియే పిలుచుచున్నారు. పని పోయినను పేరు పోలేదు. నీకు పని పోగానే పేరును పోయినట్లున్నది. ఇందులో నేనెవడనో నాకును తెలియదు" అనెను. వకీలు, "కోర్టులో ఋజువైనదే మనిషి" అని నవ్వెను. నర్సు నవ్వలేదు. "మీకొక పేరు పోయిన బాధ యిప్పుడు తెలిసినది, అన్నయ్యా. నాకు పుట్టింటి యింటిపేరు పెండ్లినాడు పోయినది. ఇంటిలో ఫలానావాని తల్లిని, ఆసుపత్రిలో సిస్టరును. నీకేది యిష్టమని ఇంతవరకు నన్నెవరును అడుగలేదు" అని యామె పలికినప్పుడు మేడపై మాట లేదు.

చివరకు వస్త్రవ్యాపారి తన యింటి విద్యలోని మాట చెప్పెను. "మగ్గముపై పడుగు ముందే యుండును. అది మనము ఎంచుకొన్నది కాదు: పుట్టిన ఊరు, కులము, భాష, తలిదండ్రులు. పేకయే మన చేతిది. ఒక్క పోగు తెగినంతమాత్రమున బట్ట పోదు. దానిని ముడివేయుటకు ఇంకొక చేయి సాయపడును. మా నాయనకు పోగు తెగినప్పుడు మా అమ్మయే అతుకునది." శాస్త్రప్రమాణముగా నీ మాట నిలుచునో లేదో మేమెఱుగము. కులము కూడ పడుగే యనుట సరికాదని నర్సు వాదించెను. ఆ పోగును తీసివేయవలసినదే యని వకీలును ఆమెతో చేరెను. వాదము రాత్రి పది వరకు సాగినది, తేలలేదు. ఇంజనీరు కష్టము ఆ రాత్రి తీఱలేదు. అయినను లేచునపుడు, "వచ్చు నెల ఏ తేదీ?" అని యడిగినవాడు ఆతడే. మిత్రగోష్ఠి చేయగలిగిన యుపకారము ఇంతియే. ఇది చిన్నది కాదు.

అరుగును తలచి కన్నీరు పెట్టు వారిలో మేము చేరజాలము. అరుగుపై అందఱికిని చోటు లేకుండెను. స్త్రీలకు ముచ్చట నూతిగట్టు వద్దనే. అస్పృశ్యులుగా నెంచబడినవారికి ఊరి నుయ్యియు దూరమే. 1941లో వెలువడిన గుఱ్ఱం జాషువా గబ్బిలమును తలచుకొనుడు. అందలి నాయకుడు తన గోడు కాశీ విశ్వనాథునికి విన్నవింపదలచెను. ఆలయప్రవేశము లేనివాడు, ఊరిలో చెవియొగ్గు మనుష్యుడును లేడు. లోకము అశుభమని తరుము గబ్బిలము నొక్కదానిని పిలిచి దానితో చెప్పుకొనవలసివచ్చెను. మేఘము చేత, హంస చేత సందేశములంపిన కావ్యములు మనకున్నవి. అవి విరహమునుండి పుట్టినవి. ఈ కావ్యము వినువాడు లేమినుండి పుట్టినది. మనుష్యునకు మిత్రుని నిరాకరించుట కంటె క్రూరమైన వెలి వేఱొకటి లేదని దీనిని మించి తెలిపిన తెలుగు కావ్యమును మేమెఱుగము.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. చట్టము తలుపు తెఱువగలదు. ప్రక్కన కూర్చుండుమని చాప పఱచుట మాత్రము పొరుగువాని పనియే. నేటి నగరములలో అరుగులు పోయినవి. పోయినందుకు చింతింపక, అంతకంటె విశాలమైన దానిని కట్టుకొనవలెను.

ఇది మన దేశమునకే పరిమితమైన వ్యథ కాదు. బ్రిటను ప్రభుత్వము 2018లో ఒంటరితనమును గుఱించి యొక మంత్రికి బాధ్యత నొప్పగించినది. 2021లో జపాను అట్లే చేసినది. లోకమున ఆఱుగురిలో నొకరు ఒంటరితనముచే బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2025లో ప్రకటించినది. ధనిక దేశములు మంత్రులను నియమించి వెదకుచున్న ఔషధములలో నొకటి, నలుగురు కూర్చుండి మాటాడుట. మనోవ్యాధికి వైద్యుడు కావలసినచోట వైద్యుని కడకే పోవలెను. గోష్ఠి వైద్యమునకు బదులు కాదు. వ్యాధి కాని వ్యథకు మాత్రము మిత్రుడే తొలి వైద్యుడు.

తెలుగుజాతికి ఈ విద్య క్రొత్తది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘ మేర్పడినది. ఆనాటి గ్రంథాలయములు పుస్తకములు దాచు బీరువాలు మాత్రమే కావు. పత్రిక చదివి వినిపించుటకును, విన్నదానిని చర్చించుటకును, పరులతో భిన్నాభిప్రాయము కలిగియు ప్రక్కప్రక్కన కూర్చుండుటకును ప్రజలకు పాఠశాలలైనవి. స్వరాజ్యమును గుఱించి వేదికలపై పలుకుటకు ముందు పలువురు ఇట్టిచోట్లనే పలుక నేర్చిరి. మిత్రునితో వాదింపనేర్వనివాడు పొరుగువానితో వాదింపలేడు. పొరుగువానితో వాదింపలేని జాతికి శాసనసభయును కలహసభయే యగును.

కావున మా మనవి యొక్కటే. నెలకొక సాయంకాలమును అమ్మకుండ నిలుపుకొనుడు. మీ కులమువారు, మీ జీతమువారు, మీ పక్షమువారు మాత్రమే కాక, మీ మాట కాదనగలవారిని ఇద్దఱినైన పిలువుడు. స్త్రీలను ఫలహారము తెచ్చుటకు కాక మాటాడుటకు పిలువుడు. ఫోనులను వేఱొక గదిలో నుంచుడు. వానితోపాటు కిరీటములను ఉంచుడు. తెలియనిచో తెలియదనుడు. మీరెవరో కార్డు చెప్పజాలదు. ఉద్యోగము చెప్పినది ఉద్యోగముతోనే పోవును. మీ మాట కడవఱకు విని, "కాదు, నీవు దానికంటె మంచివాడవు" అనియో, "కాదు, నీవు పొరబడితివి" అనియో పలుకు మిత్రుడొకడున్నచో ఆ ప్రశ్నకు భయపడ నవసరము లేదు. అట్టి మిత్రుడు లేనివారు మన వీథిలో నెందఱున్నారో లెక్కించి, వారిలో నొకరి తలుపు తట్టుట నేటి మన కర్తవ్యము.