వీల్‌బేస్ ఒకటే, మూడో వరుస వేరు

మారుతి ఎర్టిగా వీల్‌బేస్ 2,740 మిల్లీమీటర్లు. టాటా సఫారీది 2,741. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరంలో ఈ రెండు బండ్లకూ ఉన్న తేడా ఒక్క మిల్లీమీటరు. మొత్తం పొడవు చూస్తే సఫారీ 4,668, ఎర్టిగా 4,435. అంటే సఫారీయే జానెడు పైన పెద్దది. మరి మూడు వరుసల్లోనూ మనుషులు కూర్చున్నాక డిక్కీలో మిగిలే చోటెంత? ఎర్టిగాలో 209 లీటర్లు, సఫారీలో 73.

విమానంలోకి చేత్తో పట్టుకెళ్లే పెట్టె కొలత మామూలుగా 55×35×25 సెంటీమీటర్లు ఉంటుంది. గుణిస్తే 48 లీటర్లు. ఆ లెక్కన సఫారీ డిక్కీలో ఒకటిన్నర పెట్టె, ఎర్టిగాలో నాలుగు పడతాయి. ఏడుగురు కలిసి తిరుపతి బయల్దేరితే రెండు బండ్లలోనూ కొంత సామాను పైన క్యారియర్ మీదికి ఎక్కాల్సిందే. సఫారీలో మాత్రం దాదాపు అంతా ఎక్కాలి. సీఎన్‌జీ ఎర్టిగా కొనేవాళ్లు ఈ 209 మీద ఆశ పెట్టుకోవద్దు. అందులో గ్యాస్ సిలిండరు డిక్కీలోనే ఉంటుంది.

వెడల్పు దగ్గర లెక్క తిరగబడుతుంది. సఫారీ 1,922 మి.మీ., ఎర్టిగా 1,735. మధ్య వరుసలో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే ఈ 187 మిల్లీమీటర్ల విలువ భుజాలకు తెలుస్తుంది. నలుగురైదుగురి కుటుంబానికి సఫారీ, ఎక్స్‌యూవీ 700 లాంటి ఎస్‌యూవీలు హాయిగా ఉంటాయంటే అందులో అబద్ధం లేదు. ఇబ్బందంతా ఆరో మనిషితో మొదలవుతుంది.

ఎందుకో తెలియాలంటే టొయోటా బండ్లు రెండు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్ రెండూ ఐఎంవీ అనే ఒకే కుటుంబంలో పుట్టినవి. రెండింటికీ నిచ్చెన లాంటి ఛాసీ, రెండింటిలోనూ ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. క్రిస్టా వీల్‌బేస్ 2,750, ఫార్చ్యూనర్‌ది 2,745. పొడవులో ఫార్చ్యూనర్ 60 మి.మీ. ఎక్కువ, ఎత్తులో 40 ఎక్కువ (1,835, 1,795). పొడవూ ఎత్తూ దానికే ఎక్కువైతే వెనక కూర్చున్నవాళ్లు ఎందుకు సణుగుతారు?

టైర్లు చూడండి. ఫార్చ్యూనర్‌కు వచ్చే ఒక సైజు 265/65 ఆర్17. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 776 మి.మీ. క్రిస్టాకు వచ్చే 205/65 ఆర్16 ఎత్తు 673. తేడా 103. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి అందులో సగం, అంటే 51 మిల్లీమీటర్ల పైన ఇరుసు పైకి లేచింది. పైకప్పు లేచింది 40 మాత్రమే. రాళ్ల దారిలో కింద తగలకుండా ఛాసీని పైకెత్తితే దాని మీది ఫ్లోరూ పైకి వస్తుంది. ఫ్లోరుకూ కప్పుకూ మధ్య చోటు తగ్గుతుంది. తల కప్పుకు తగలకుండా ఉండాలంటే మూడో వరుస సీటును ఫ్లోరుకు దగ్గరగా దించడం తప్ప దారి లేదు.

దాంతో మనిషి పీట మీద కూర్చున్నట్టు అవుతాడు. మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలు సీటును తాకవు, ఒంటి బరువంతా పిరుదుల మీద పడుతుంది. పైగా ఆ సీటు వెనక ఇరుసు దగ్గరే ఉంటుంది కాబట్టి ప్రతి గుంతా నేరుగా నడుముకు తగులుతుంది. మన ఇళ్లలో అక్కడికి చేరేది ఎవరు? చిన్నవాళ్లు, లేదా “నేను సర్దుకుంటాలే” అనే అమ్మో పిన్నో. మోకాళ్ల నొప్పులున్న మనిషిని విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా అలా కూర్చోబెట్టడం న్యాయం కాదు.

బ్రోచర్‌లో వేసే లెగ్‌రూమ్ అంకె ఈ సంగతి చెప్పదు. అది చీలమండ దగ్గర్నుంచి తుంటి దాకా ఉండే దూరాన్ని బట్టి కట్టే అంకె. సీటు ఎంత ఎత్తులో ఉందో అందులో కనపడదు. రెండో వరుస ముందుకూ వెనక్కూ జరిగే బండ్లలో ఇంకో చిక్కు ఉంది. ఆ వరుసకు ఇచ్చే కాళ్ల చోటు వెనకవాళ్ల మోకాళ్ల దగ్గర్నుంచి తీసిందే.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో పిల్లలూ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలూ ఉన్న ఇళ్లు మినీవ్యాన్ (మన ఎంపీవీ లాంటిదే) వైపు చూడడానికి కారణం కూడా ఈ మూడో వరుస ఇబ్బందే. సీటు ఎత్తు మాట పక్కన పెట్టినా, హోండా మినీవ్యాన్ ఒడిస్సీ మూడో వరుసలో లెగ్‌రూమ్ 38.1 అంగుళాలు. అదే కంపెనీ ఎస్‌యూవీ పైలట్ 2023 మోడల్‌లో 32.5.

ఎర్టిగా, ఇన్నోవా లాంటి ఎంపీవీలు మూడో వరుసలో చోటును ఎలా సంపాదిస్తాయో చెప్పడానికి 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ మంచి ఉదాహరణ. క్రిస్టా కన్నా పొడవు పెరిగింది 20 మి.మీ. (4,735 నుంచి 4,755కు). వీల్‌బేస్ పెరిగింది 100 మి.మీ. నిచ్చెన ఛాసీ తీసేసి, ఇంజిన్ శక్తిని ముందు చక్రాలకే ఇచ్చారు. వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో పని లేకుండా పోయింది. ఫ్లోరు కిందికి దిగింది. అందుకని గతుకుల దారిలో, బురదలో ఇది ఫార్చ్యూనర్‌తో పోటీ పడలేదు. ఏది ముఖ్యమో మీ ఊరి రోడ్డును బట్టి చూసుకోవాలి.

షోరూంకు ఒక్కరే వెళ్లకండి. ముందు సీటును నడిపేవాళ్ల కొలతకు జరిపి, దాని వెనక ఒకరు సుఖంగా కూర్చున్నాక, ఇంట్లో పొడుగాటి మనిషిని మూడో వరుసలోకి పంపండి. పెద్దావిడ ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగగలదేమో చూడండి. పది నిమిషాలు అక్కడే కూర్చోనివ్వండి. అప్పుడు మోకాలి వెనక, తొడకూ సీటుకూ మధ్య అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా లోపలిదాకా దూరిపోతే ఆ సీటు పిల్లల కోసమే. మీది ఏడు సీట్ల బండి కాదు, అయిదు సీట్ల బండి అనుకుని ధర మాట్లాడండి.